వైరస్‌కు సొంత ఊరు ఉంటుందా?

అచ్చంపేట నుండి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. ఆమె పుట్టినిల్లు సున్నిపెంట. మన్ననూరు, దోమలపెంట దాటి ఘాటురోడ్డు దిగితే కృష్ణ, కృష్ణకు ఆవలి గట్టున సున్నిపెంట. అప్పట్లో అది కర్నూలు జిల్లా. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరింది. 2021 మే నెలలో ఆమె తల్లిగారు కరోనాతో కన్నుమూశారు. తక్కిన సంగతి ఆమె మాటల్లోనే చదవండి:

"అమ్మ కడసారి చూపుకు నేను పోలేదు. 'అక్కడున్నది కర్నూలు వైరస్, మామూలు కరోనాకంటే వెయ్యి రెట్లు చెడ్డది, పోతే పిల్లలకు తెస్తావు' అని ఇంట్లోవాళ్లు, వాడకట్టువాళ్లు అడ్డం పడ్డారు. నెల దాటినంక మా అన్న వస్తే, కర్నూలు నుంచి వచ్చిండని గడప తొక్కనియ్యలేదు. అన్న ఇప్పటికీ మా ఇంటికి రాడు. నిజంగా అట్లాంటి వైరస్ ఉండెనా? ఏ ఊళ్లో ఏ రకం వైరస్ ఉన్నదో డాక్టర్లకు ఎట్లా తెలుస్తది? ఇప్పుడు కూడా కొత్త రకం వచ్చిందని అప్పుడప్పుడు పేపర్లో వేస్తున్నారు. మా అత్తమ్మకు షుగరు ఉన్నది. జ్వరమొస్తే ఏ రకమో తేల్చే పరీక్ష చేయమని అడగాలెనా?"

ఆ రోజుల్లో ఇటువంటి బాధ పడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక ఈ వారం ఈ ఒక్క ఉత్తరానికే సమాధానం వ్రాస్తున్నాను. ముందు అసలు సంగతి చెప్పి, తరువాత వివరాలలోకి వెడతాను. ఆ పేరుతో ప్రచారమైన వైరస్ రకం ఒకటి ఉన్నమాట నిజమే. కాని అది వెయ్యి రెట్లు ప్రాణాంతకమన్నది నిజం కాదు. మీ తల్లిగారు పోయిన నాటికి కృష్ణకు ఆవలి గట్టున ఒక వైరస్, ఈవలి గట్టున మరొక వైరస్ ఉన్నాయన్నదీ నిజం కాదు.

నకలులో దొర్లే తప్పులు

వైరస్ తనంతట తాను పెరగలేదు. మన ముక్కులోని, గొంతులోని కణాలలో దూరి, ఆ కణాల చేతనే తన నకళ్లు వేలకొద్దీ తీయించుకుంటుంది. కరోనా వైరస్ లోపల ఆర్.ఎన్.ఎ. అనే సన్నని పోగు ఉంటుంది. వైరస్ ఎలా తయారు కావాలో ఆ పోగుమీదనే వ్రాసి ఉంటుంది. ఆ వ్రాతకు ఉన్నవి నాలుగే అక్షరాలు. అవే మారి మారి వస్తూ మొత్తం సుమారు 29,900 అక్షరాల పొడవుంటుంది. ఈ వ్రాత మొత్తాన్ని జీనోమ్ అంటారు.

పూర్వం పట్వారీ పహాణీకి నకలు తీసి ఇచ్చేవాడు. అలా తీసేటప్పుడు 'సాయిలు' అన్న పేరు 'మాయిలు' అని పడిందనుకోండి. ఆ నకలును చూసి మళ్లీ తీసిన నకళ్లన్నిటిలోను 'మాయిలు' అనే ఉంటుంది. వాటిలో ఒకదానిలో సర్వే నెంబరు 212 కాస్తా 272 అయిందనుకోండి. ఇక దానినుండి పుట్టిన నకళ్లలో ఆ రెండు తప్పులూ ఉంటాయి. ఈ కాగితాలన్నీ ఒకచోట పెడితే, ఏది దేనిని చూసి వ్రాసినదో, ఏది ముందో ఏది వెనకో తెలివిగల గుమాస్తా ఇట్టే చెప్పగలడు.

వైరస్ విషయంలోనూ ఇంతే. నకలు తీసేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరం మారుతుంది. దీనిని మ్యుటేషన్ అంటారు. పట్టాలో పేరు మార్పించుకోవడానికి తహసీలు కార్యాలయానికి వెళ్లినవారికి ఈ మాట కొత్త కాదు. కరోనా వైరస్ ఒకరినుండి ఒకరికి అంటుకుంటూ పోతున్నకొద్దీ సగటున నెలకు ఒకటి రెండు మార్పులు నిలిచిపోతుంటాయి. వీటిలో చాలావరకు ఏ ప్రభావమూ లేనివే. ఎప్పుడో ఒక మార్పువల్ల వైరస్ త్వరగా వ్యాపించే గుణం గాని, మన శరీరంలోని రక్షణను తప్పించుకునే గుణం గాని సంపాదిస్తుంది. అప్పుడు దానిమీద కన్ను వేసి ఉంచాలి.

అక్షరం అక్షరం చదవడం ఎలా?

మామూలుగా చేసే ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష వైరస్ జీనోమ్‌లో రెండు మూడు గుర్తులను మాత్రమే వెదుకుతుంది. అవి కనబడితే కరోనా ఉన్నట్టు. కవరు మీది పేరు చూసి ఉత్తరం ఎవరిదో చెప్పడం వంటిది ఇది. లోపలి ఉత్తరాన్ని మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు చదివితే, అది జీనోమ్ సీక్వెన్సింగ్. తెలుగు పత్రికలు దీనినే జన్యుక్రమ విశ్లేషణ అని వ్రాస్తుంటాయి.

ముందుగా ముక్కులోనుండి తీసిన నమూనాలోని ఆర్.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. అది త్వరగా పాడయ్యే పదార్థం గనుక దానిని డి.ఎన్.ఎ. రూపంలోకి మారుస్తారు. దానిని చిన్నచిన్న ముక్కలుగా, ఒకదాని కొస మరొకదాని మీదికి వచ్చేలా, లక్షల నకళ్లుగా పెంచుతారు. యంత్రం ఆ ముక్కలను చదువుతుంది. చింపిన కాగితాన్ని అతికించినట్లు కంప్యూటరు వాటిని వరుసగా కూర్చుతుంది. 2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు వూహాన్ వైరస్ జీనోమ్‌ను మొట్టమొదటిసారి ప్రపంచానికి వెల్లడించారు. కొత్తగా చదివినదానిని ఆ మొదటి ప్రతితో సరిపోల్చి, ఎక్కడెక్కడ మార్పులున్నాయో గుర్తించి, అది ఏ శాఖకు చెందినదో నిర్ణయిస్తారు.

ఈ పనిలో మన హైదరాబాదుకు పెద్ద పాత్ర ఉంది. హబ్సిగూడలోని సిసిఎంబి, ఉప్పల్‌లోని సిడిఎఫ్‌డి సంస్థలు మొదటినుండీ ఇందులో ఉన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 10 ప్రయోగశాలలను కలిపి 'ఇన్సాకాగ్' అనే కూటమిని ఏర్పరచినప్పుడు ఈ రెండూ అందులో చేరాయి. కరోనా తేలిన ప్రతి 100 నమూనాలలో 5 చదవాలని మొదట అనుకున్నారు. 2021 మే మొదటి వారంలో దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు వచ్చినప్పుడు అది అందని లక్ష్యమయింది.

'కర్నూలు వైరస్' పుట్టుక

వైరస్ పైన ముళ్లలాగా కనబడే ప్రోటీన్‌ను స్పైక్ అంటారు. వైరస్ మన కణాన్ని పట్టుకునేది దీనితోనే. ఈ స్పైక్ 1,273 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చినట్లు ఉంటుంది. అందులో 440వ స్థానంలో ఆస్పరాజీన్ అనేది ఉండవలసినచోట లైసీన్ వచ్చి చేరింది. శాస్త్రజ్ఞులు ఆస్పరాజీన్‌ను 'ఎన్' అనీ, లైసీన్‌ను 'కె' అనీ వ్రాస్తారు గనుక ఈ మార్పుకు ఎన్440కె అని పేరు వచ్చింది. 2020లోనే ఇది మన దేశపు నమూనాలలో కనబడింది. దక్షిణ రాష్ట్రాలలో, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్ నమూనాలలో, కొంతకాలం ఎక్కువగానే ఉండేది.

సిసిఎంబిలో ఈ వైరస్‌ను ప్రయోగశాలలో కణాలమీద పెంచి చూశారు. అప్పటికి ప్రబలంగా ఉన్న ఒక రకంకంటె ఇది పది రెట్లు, అంతగా వ్యాపించని మరొక పాత రకంకంటె వెయ్యి రెట్లు ఎక్కువగా పెరిగింది. అంటే గాజుపాత్రలోని కణాలలో పుట్టిన వైరస్ లెక్క అది. మనుషుల చావుల లెక్క కాదు. 2021 మే మొదటి వారంలో ఈ సంగతి బయటికి రాగానే 'వెయ్యి రెట్లు' అన్నది మాత్రమే జనంలోకి పాకింది. గాజుపాత్ర సంగతి వెనుకబడిపోయింది. కర్నూలులో మొదట కనబడిందన్న మాట దానికి తోడయింది. 'ఏపీ స్ట్రెయిన్' అనే పేరు స్థిరపడింది. మే 6న ఢిల్లీలో, ఆంధ్రప్రదేశ్ నుండి, తెలంగాణ నుండి వచ్చేవారిని 14 రోజులు విడిగా ఉంచాలని ఉత్తర్వు కూడా వెలువడింది.

ఆ వారంలోనే సిసిఎంబి శాస్త్రజ్ఞులు మరొక మాట కూడా చెప్పారు. కొత్తగా వస్తున్న నమూనాలను చదివితే ఎన్440కె తగ్గిపోతున్నది, దాని స్థానాన్ని బి.1.617 అనే మరొక శాఖ ఆక్రమిస్తున్నది అని. ఆ శాఖలోనిదే తరువాత డెల్టా అనే పేరు పొందిన రకం. రెండవ దశలో ఆసుపత్రులను నింపినది, ఆక్సిజన్ కోసం జనాన్ని పరుగులు పెట్టించినది అదే. కర్నూలులో ఉన్నదీ, నాగర్‌కర్నూలులో ఉన్నదీ, ఢిల్లీలో ఉన్నదీ అదే. కర్నూలు నుండి వచ్చేవాడిని చూసి భయపడిన రోజున, పక్కింటి దగ్గులో ఉన్నది కూడా ఆ వైరసే.

సోదరీ! మీరు వెళ్లకపోవడానికి ఇంట్లోవాళ్లు చెప్పిన కారణం సరియైనది కాదు. కాని ప్రమాదం మాత్రం కల్పన కాదు. అటు ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుండి పగటిపూట కూడా కర్ఫ్యూ పెట్టారు. ఇటు తెలంగాణలో మే 12 నుండి లాక్‌డౌన్ వచ్చింది. ఎక్కడ నలుగురు కూడినా వైరస్ వ్యాపించే రోజులవి. మీ పిల్లల క్షేమం చూసుకున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోనక్కరలేదు. మీ అన్నగారి విషయం వేరు. మామూలుగా కరోనా సోకినవారినుండి లక్షణాలు మొదలైన పది రోజుల తరువాత ఇతరులకు అంటే అవకాశం చాలా తక్కువ. ఆయన నెల దాటాక వచ్చారు. ఏ విధంగా చూసినా ఆయనవల్ల మీ ఇంటికి ప్రత్యేకంగా వచ్చే ముప్పు లేదు. ఈ మాట ఆయనతో మీరే చెప్పండి. ఈ పేజీ చదివి వినిపించినా సరే.

చదివినచోటనే కనబడుతుంది

ఒక రకం వైరస్ ఫలానా ఊళ్లో 'దొరికింది' అంటే, ఆ ఊళ్లో నమూనా తీశారు, ఎవరో దానిని చదివారు అని మాత్రమే అర్థం. అక్కడే పుట్టింది అని అర్థం కాదు. పక్క ఊళ్లో లేదు అని అసలే కాదు. పట్టీమీద గీత చూసే రాపిడ్ పరీక్ష మాత్రమే చేసి వదిలేసినచోట చదవడానికి నమూనా మిగలదు. అటువంటి ఊళ్లు పటం మీద ఖాళీగా కనబడతాయి. ఆ ఖాళీ చూసి 'మా ఊరు శుభ్రం' అనుకుంటే పొరపాటు.

1918లో లోకాన్ని గడగడలాడించిన ఫ్లూ జ్వరానికి స్పానిష్ ఫ్లూ అని పేరు వచ్చింది. అది స్పెయిన్‌లో పుట్టినందుకు కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొన్న దేశాలు జబ్బు సంగతి పత్రికలలో రానీయలేదు. యుద్ధంలో లేని స్పెయిన్‌లో పత్రికలు దాచకుండా వ్రాశాయి. నిజం చెప్పినందుకు ఆ దేశానికి దక్కిన బహుమతి ఆ పేరు! 2021 నవంబరులోను ఇదే జరిగింది. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు కొత్త రకాన్ని త్వరగా గుర్తించి లోకాన్ని హెచ్చరించారు. వెంటనే అనేక దేశాలు వారి విమానాలను ఆపివేశాయి. ఆ రకమే ఒమిక్రాన్. దొంగ వచ్చాడని కేక వేసినవాడినే పట్టుకుని కట్టేస్తే, ఈసారి కేక వేసేదెవరు?

ఊళ్లకు, దేశాలకు ఇటువంటి మచ్చ రాకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31 నుండి ముఖ్యమైన రకాలకు ఆల్ఫా, బీటా, డెల్టా అంటూ గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది. మరొక విశేషం గమనించండి. మనం 'కర్నూలుది' అన్న ఆ ఎన్440కె మార్పు, దక్షిణాఫ్రికాలో మొదట గుర్తించిన ఒమిక్రాన్ స్పైక్‌లోను ఉంది. వైరస్‌కు జిల్లాలూ లేవు, సరిహద్దులూ లేవు.

ఈ చదువు వల్ల మనకేం లాభం?

'ఏ రకమైతేనేం, వచ్చిన జబ్బు తగ్గాలిగాని' అని మీకు అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. 2021 మే నెలలో మన దేశంలో రెండు యాంటీబాడీలు కలిపిన ఒక ఖరీదైన మందు వచ్చింది. ఒక్క మోతాదు వెల 59,750 రూపాయలు. డెల్టా రకం మీద, ముప్పు ఎక్కువగా ఉన్న రోగులలో, అది పనిచేసింది. ఒమిక్రాన్ జీనోమ్‌ను చదివినప్పుడు, ఆ మందు పట్టుకోవలసిన చోట్లే మారిపోయాయని తెలిసింది. 2022 జనవరిలో అమెరికా ప్రభుత్వం దాని వాడకాన్ని ఆపించింది. జీనోమ్ చదవకపోయి ఉంటే, పుస్తెలు తాకట్టు పెట్టి కొన్న మందు ఎందుకు పనిచేయలేదో ఎవరికీ తెలిసేది కాదు. టీకాలను కొత్త రకాలకు తగినట్లు మార్చుకోవడం, పరీక్షలు కొత్త రకాన్ని పట్టగలుగుతున్నాయో లేదో చూసుకోవడం కూడా దీనివల్లనే సాధ్యం.

కనుక ఇది ఒక రోగికి చేసే పరీక్ష కాదు. సమాజమంతటికీ కలిపి చేసే కాపలా. మహమ్మారి అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు, మారుతూనే ఉంది. 2022 తరువాత తిరుగుతున్నవి దాదాపు అన్నీ ఒమిక్రాన్ సంతతివే. అందుకే కాపలా మానకూడదు.

అత్తగారికి జ్వరం వస్తే

ఏ రకం వైరసో తేల్చమని డాక్టరుగారిని అడగవద్దు. ఆ ఫలితం రావడానికి రోజులు, వారాలు కూడా పడతాయి. వచ్చినా చికిత్స దానినిబట్టి ఉండదు. రోగి వయస్సు, ఇతర జబ్బులు, ఆక్సిజన్ మట్టం, ఊపిరి తీరు, వీటినిబట్టే ఉంటుంది. మీరు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

మొదటిది, అది ఏ జ్వరమో తేల్చుకోవడం. నల్లమల అంచున ఉన్న మీ ప్రాంతంలో మలేరియాను, వానాకాలంలో డెంగీని మరువకూడదు. దగ్గు, గొంతునొప్పి ఉంటే కరోనా పరీక్ష సంగతి కూడా అడగండి. పరీక్షను వాయిదా వేయకండి. ముక్కులో వైరస్ ఎక్కువగా ఉండేది మొదటి కొద్ది రోజులలోనే. ఆలస్యమైతే పరీక్షకూ చిక్కదు, చదవడానికీ పనికిరాదు. ఆరోగ్య సిబ్బంది నమూనా అడిగితే సంకోచించక ఇవ్వండి. మీ ఊరు పటంలో ఖాళీగా ఉండకపోవడానికి అదొక్కటే దారి.

రెండవది, షుగరు. ఏ జ్వరంలోనైనా రక్తంలో చక్కెర పెరగవచ్చు. తిండి తగ్గితే పడిపోనూవచ్చు. రోజూ చూసుకోండి. మాత్రలు, ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు.

మూడవది, స్టెరాయిడ్ సూదులు, మాత్రలు. ఆక్సిజన్ తగ్గినవారికి ఇవి ప్రాణం పోస్తాయి. ఆక్సిజన్ బాగా ఉన్నవారికి మొదటి రోజుల్లోనే ఇస్తే మేలు లేదు, కీడు ఉంది. షుగరు ఆకాశానికి అంటుతుంది. 2021లో ఎందరి కళ్లనో, దవడలనో తీసుకుపోయిన బ్లాక్ ఫంగస్ ఎక్కువగా షుగరు ఉండి స్టెరాయిడ్లు వాడినవారికే వచ్చింది. 'జ్వరం దిగడానికి ఒక సూది' అంటే అది ఏ సూదో అడిగి తెలుసుకోండి. యాంటీబయాటిక్ మాత్రలు కూడా వైరస్‌ను చంపవు.

నాలుగవది, వేలికి పెట్టి చూసే ఆక్సిమీటరు. రోజుకు మూడు నాలుగుసార్లు చూడండి. 94కు తగ్గినా, కూర్చున్నచోటనే ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, పెదవులు నీలం తిరిగినా, రకం ఏదైనా సరే, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి.

ఇంట్లో ఎవరికి జలుబు, దగ్గు ఉన్నా వారు మాస్కు పెట్టుకుని, పెద్దావిడకు కొద్దిరోజులు దూరంగా మెలగాలి. గది కిటికీలు తెరిచి ఉంచాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. టీకా సంగతి ఆమె షుగరు చూసే డాక్టరుగారిని అడగండి. వైరస్ ఎన్ని అక్షరాలు మార్చుకున్నా, ఈ జాగ్రత్తలు మాత్రం మార్చనక్కరలేదు.